బీరువా వెనక మచ్చ

బుధవారం ఉదయం ఇన్‌స్పెక్టరు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య లేవకముందే పడకగది గోడ మీది మచ్చను కొలవాలి, కొలతను నోటుపుస్తకంలో ఎక్కించాలి, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుని పేపరు చదువుకోవాలి.

బీరువా పక్కనుంచి తొంగిచూస్తున్న ఆ మచ్చ పదిహేను రోజుల కిందట అరచేతంత ఉండేది. ఇప్పుడు భోజనం పళ్ళెమంత అయింది. నడుమ చెమ్మ, అంచుల్లో ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు, దగ్గరికి వెళితే తడిసిన గోనెసంచి వాసన. ఇన్‌స్పెక్టరు గారు రోజూ దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసి, తేదీ వేసి, పక్కన పొట్టి సంతకం పెడుతున్నారు. మచ్చ తర్వాత బుకాయించకుండా ఉండాలని ఆయన జాగ్రత్త.

ఆయనది తూనికలు, కొలతల శాఖ. ముప్ఫై ఏళ్ళుగా కొట్లు తిరిగి కాటాలు పరీక్షించడమే పని. కాటా తేడాగా ఉంటే పట్టుకుపోతారు, సరిగ్గా ఉంటే సీసపు బిళ్ళతో సీలు వేస్తారు. అయితే సరిగ్గా ఉన్న కాటాను చూసి ఆయన ఏనాడూ సంతోషించింది లేదు. ‘వీడు అసలు కాటా ఎక్కడో దాచాడు’ అనుకుంటూనే సీలు వేసి వచ్చేవారు.

ఆ చూపు సాయంత్రం ఆయనతోపాటే ఇంటికి వచ్చేది. ఎదురింటాయన ఒకసారి బాల్కనీలో పళ్ళు తోముకుంటూ ఇటువైపు చూశాడు. అంతే, ఆ వైపు కిటికీలన్నీ మూతపడ్డాయి. మిగతా మూడు వైపులా ఎదురింటాయనకు చుట్టాలు లేరని గ్యారంటీ ఏమిటని అవీ మూతపడ్డాయి. వెంటిలేటర్లకు పాత పేపర్లు అంటించారు. మనం ఏం వండుకుంటున్నామో వీధికంతా ఎందుకు తెలియాలని వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యానుకు అడ్డంగా చెక్క కొట్టించారు. నాలుగేళ్ళ కిందట డాబా మీద ఆరేసిన మేజోళ్ళలో ఒకటి కనబడలేదు. ఒక్క మేజోడు ఎత్తుకుపోయినవాడు రెండోదానికోసం తప్పక వస్తాడని తేల్చి, అప్పటినుంచి బట్టలన్నీ హాల్లోనూ పడకగదిలోనూ తాళ్ళు కట్టి ఆరబెట్టిస్తున్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. రెండు నెలల కిందట ప్రతి కిటికీ గడియకూ సన్నటి ఇనపతీగ చుట్టి, ఆఫీసులో పక్కన పడేసిన పాత పట్టకారుతో సీసపు బిళ్ళ నొక్కి సీలు వేశారు. తాళమైతే ఎవరైనా తీసి మళ్ళీ వేసేయొచ్చు, సీలు తెగితే మాత్రం తెలిసిపోతుందని ఆయన సిద్ధాంతం. మొత్తం పదకొండు సీళ్ళు. ఆదివారం ఆదివారం వాటిని లెక్కపెట్టుకునేవారు.

ఆయన స్కేలు గోడకు ఆనించారో లేదో వెనకనుంచి దగ్గు వినిపించింది. ఖళ్ళు ఖళ్ళుమంటూ మొదలై, ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ అందుకుంది.

“ఏవండీ,” అంది భార్య, దుప్పట్లోంచి లేచి కూర్చుని, “ఆ ఒక్క కిటికీ అయినా తీయండి. కాస్త గాలి వస్తుంది.”

“గాలి ఒక్కటే వస్తుందని హామీ ఎవరిస్తారు?”

“ఊపిరాడట్లేదండీ. సోమవారం పొద్దున్నే ఎనిమిదింటికి నా పరీక్ష. ఇలా దగ్గుతూ వెళితే మైకు ముందునుంచి లేవగొడతారు.”

ఆవిడ ఏడేళ్ళుగా రేడియోలో సాయంత్రం వార్తలు చదువుతోంది. ఏడేళ్ళుగా తాత్కాలికమే. సోమవారం స్వర పరీక్ష నెగ్గితే ఉద్యోగం ఖాయమవుతుంది. వచ్చే ఏటికి ఆవిడ వయసు దాటిపోతుంది కాబట్టి ఇక మళ్ళీ అవకాశం లేదు. పొద్దున లేవగానే మొదలయ్యే దగ్గు మధ్యాహ్నానికి సర్దుకుంటుంది, సాయంత్రం వార్తలకు గొంతు గంటలా పలుకుతుంది. కానీ పరీక్ష సరిగ్గా దగ్గు వేళకే పెట్టారు.

“నీ దగ్గుకు కారణం ఈ చెమ్మ,” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. ఇంతవరకూ ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. “ఈ చెమ్మకు కారణం పైవాళ్ళు.” ఇక్కణ్ణుంచే దారి తప్పింది.

పై వాటాలో ఈత మాస్టారు, వాళ్ళమ్మ ఉంటారు. మాస్టారు ఊళ్ళోని ఈత కొలనులో పిల్లలకు ఈత నేర్పుతాడు. భుజాన తడి తువ్వాలు, కాళ్ళకు రబ్బరు చెప్పులు, జుట్టునుంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు. మెట్ల మీద ఆయన నడిచి వెళ్ళిన దారి పది నిమిషాల దాకా కనిపిస్తూనే ఉంటుంది. జీవితమంతా నీళ్ళలో గడిపే మనిషి ఇంటికొచ్చాక మాత్రం బుద్ధిగా పొడిగా కూర్చుంటాడంటే ఇన్‌స్పెక్టరు గారు నమ్మే రకం కాదు.

ఆఫీసుకు వెళ్ళేముందు ఆయన పైకి వెళ్ళి తలుపు తట్టారు. మాస్టారు నవ్వుతూ తలుపు తీశాడు.

“రండి సార్, రండి. ఎన్నాళ్ళకు దయ కలిగింది!”

“మీ స్నానాల గది చూడాలి.”

మాస్టారు నవ్వు సగంలో ఆగింది. అయినా పాపం, దారి చూపించాడు. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉండటంతో ఇంట్లో గాలి రివ్వున వీస్తోంది. ఇన్‌స్పెక్టరు గారు నెత్తిమీది జుట్టును ఒక చేత్తో పట్టుకుని స్నానాల గదిలో గొంతుక్కూర్చున్నారు. నేల మీద వేలు పెట్టి రాశారు, వేలు వాసన చూశారు. నేల పొడిగా ఉంది.

“తుడిచేశారన్నమాట,” అన్నారు లేస్తూ.

హాల్లో పడక్కుర్చీలో కూర్చున్న మాస్టారి అమ్మ ఈ మాట విన్నది. “తడి ఉంటే తప్పు చేశామంటావు, లేకపోతే తుడిచేశామంటావు. మమ్మల్ని ఎలా బతకమంటావు నాయనా?” అంది.

ఆయన నోటుపుస్తకం తీసి ‘ముసలావిడ ముందే సిద్ధంగా ఉంది’ అని రాసుకున్నారు.

గురువారం సెలవు పెట్టి ప్లంబరును పిలిపించారు. ప్లంబరు ముందు కింద మచ్చ చూశాడు, గోడ మీద వేలితో తట్టాడు, చెవి ఆనించి విన్నాడు. తర్వాత పైకి వెళ్ళి కుళాయిలన్నీ తిప్పి చూశాడు.

“పైపులు ఏమీ కారట్లేదు సార్. పైగా వాళ్ళ స్నానాల గది మీ వంటింటి మీద ఉంది. మీ మచ్చ పడకగదిలో ఉంది.”

“నువ్వు పైవాళ్ళ మనిషివా?”

“మీరే కదా సార్ పిలిచారు!”

“నా అనుమానమూ అదే. పిలవగానే వచ్చావు. ఏ ప్లంబరైనా పిలవగానే వస్తాడా?”

పదేళ్ళ వృత్తి జీవితంలో ప్లంబరు వేళకు రావడం ఇదే మొదటిసారి, దాని ఫలితం ఇలా వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు పట్టు వదల్లేదు. లోపల దొంగ పైపు ఉండి తీరుతుందని, నేల తవ్వాల్సిందేనని మంకుపట్టు పట్టారు. ఈ గొడవ ఇక్కడితో తీరిపోతే చాలని మాస్టారు కూడా “తవ్వుకోండి సార్” అనేశాడు. మంచివాళ్ళు చేసే పొరపాట్లు ఇలాగే ఉంటాయి.

మూడు పలకలు లేచాయి. నాలుగో పలక కింద ఉలి వెళ్ళి పైపుకే తగిలింది. నీళ్ళు చివ్వున లేచి ముందు ప్లంబరు మొహాన్నీ, తర్వాత ఇన్‌స్పెక్టరు గారి చొక్కానూ తడిపేశాయి. పది నిమిషాల్లో కిందింటి వంటగది పైకప్పునుంచి టపటపా బొట్లు పడ్డాయి. ఆ భవనం కట్టాక పైనుంచి కిందికి నీళ్ళు దిగడం అదే మొదలు.

ఇన్‌స్పెక్టరు గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. తడి చొక్కాతోనే మెట్లు దిగి భార్యను వంటింట్లోకి లాక్కొచ్చారు. “చూశావా? చెప్పానా కారుతోందని?”

“మీరు పగలగొట్టించాక కారుతోంది,” అని ఆవిడ గిన్నె తెచ్చి బొట్ల కింద పెట్టింది. ఆ వాక్యం పూర్తయ్యేలోపు రెండుసార్లు దగ్గింది.

పగిలిన ముక్క పాత కాలం కొలతది, తెప్పించాలంటే మంగళవారం దాకా ఆగాలన్నాడు ప్లంబరు. అప్పటిదాకా పై స్నానాల గదికి నీళ్ళు బందు. ఈ వార్త విని మాస్టారి అమ్మ మెట్ల మీద ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ కిందికి దిగి, ఇన్‌స్పెక్టరు గారి గుమ్మంలో నిలబడింది.

“పగలగొట్టించింది నువ్వు. కాబట్టి మంగళవారం దాకా మా ఇద్దరి స్నానాలూ మీ ఇంట్లోనే. నాకు వేడినీళ్ళు కావాలి. మావాడు పొద్దున్నే వస్తాడు.”

ఇన్‌స్పెక్టరు గారికి చట్టప్రకారం వెతికినా ఆవిడ మాటలో తేడా దొరకలేదు.

శుక్రవారం ఉదయం ఐదూ నలభైకి మాస్టారు బకెట్టు, సబ్బు, మూడు తువ్వాళ్ళతో దిగాడు. కొలనులో కలిపే మందు ఒంటికి పట్టి ఉంటుందని ఆయన కాగే నీళ్ళతో గాని స్నానం చేయడు. పైగా నీళ్ళు ఒంటిమీద పడితే గానీ ఆయనకు పాట రాదు, పాట పూర్తయితే గానీ బయటికి రాడు. ముప్పావుగంట సాగింది. తలుపు సందుల్లోంచి ఆవిరి పొగలు పొగలుగా హాల్లోకి వచ్చింది. బయట గడియారం పట్టుకుని నిలబడిన ఇన్‌స్పెక్టరు గారి కళ్ళద్దాలు మసకబారాయి. తుడుచుకున్నారు. మళ్ళీ మసకబారాయి. ఏం రాస్తున్నారో కనిపించకుండానే నోటుపుస్తకంలో వేళలు రాశారు.

మాస్టారి వెనక వాళ్ళమ్మ. ఆవిడకు ఇంకో అరగంట.

“తువ్వాళ్ళు డాబా మీద ఆరేసుకుంటాను సార్,” అన్నాడు మాస్టారు.

“ఆగండి. ఒక్కటీ కదలడానికి వీల్లేదు.”

ఇన్‌స్పెక్టరు గారు లోపలికి వెళ్ళి కాటా తెచ్చారు. మనిషి రోజుకు ఎంత నీటిని ఒంటిమీద మోసుకెళతాడో తేలిస్తే, అందులో గోడ వాటా ఎంతో తేలుతుందని ఆయన లెక్క. తల్లీకొడుకుల తువ్వాళ్ళు ఐదింటినీ తడిగా తూచారు. పొడిగా మళ్ళీ తూచాలి కాబట్టి అవి తన కళ్ళముందే ఆరాలని హాల్లో తాళ్ళమీద వేయించారు. అప్పటికే ఆ తాళ్ళమీద ఇంట్లో వాళ్ళ బట్టలు రెండు రోజులుగా ఆరక వేలాడుతున్నాయి. హాల్లో మనిషి నడవాలంటే తడిబట్టల్లోంచి తల వంచుకుని దూరాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం వార్తలు చదివే వంతు లేకపోవడంతో భార్య ఇంట్లోనే అభ్యాసానికి కూర్చుంది. వెన్ను నిటారుగా నిలిపి, కాగితం కళ్ళకు ఎదురుగా పట్టుకుని, “నమస్కారం. వార్తలు. చదువుతున్నది...” అని ఆగింది. దగ్గు. నీళ్ళు తాగింది. “నమస్కారం. వార్త...” దగ్గు. మూడోసారి నమస్కారం కూడా పూర్తి కాలేదు. ఎప్పుడూ మధ్యాహ్నానికి తగ్గే దగ్గు ఆ రోజు పొద్దువాలినా తగ్గలేదు. కాగితం ఒళ్ళో పెట్టుకుని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఏడేళ్ళు ఎదురుచూసిన పని మూడు రోజుల దూరంలో ఉంది, తన పేరు తానే చెప్పుకోలేకపోతోంది.

సాయంత్రం స్నానానికి దిగిన మాస్టారి అమ్మ ఇదంతా గుమ్మంలోంచి చూసింది. “అమ్మాయ్, నా గదిలో ఇంకో మంచం ఖాళీగానే ఉంది. ఈ మూడు రాత్రులూ పైకి వచ్చెయ్యి. చూస్తూ చూస్తూ గొంతు పాడు చేసుకుంటావా?”

భార్య దిండు చంకన పెట్టుకుని లేచింది. ఇన్‌స్పెక్టరు గారు నిర్ఘాంతపోయారు.

“పైకా? వాళ్ళింటికా?”

“అక్కడ గాలి ఉందండీ,” అంది ఆవిడ. అని వెళ్ళిపోయింది. పరాయివాళ్ళు వచ్చి తమ ఇంట్లో స్నానాలు చేస్తుంటే, తమ ఇంటి మనిషి వెళ్ళి పరాయి ఇంట్లో నిద్రపోతోంది. ఈ ఏర్పాటు వెనక ఎవరి బుర్ర ఉందో ఇన్‌స్పెక్టరు గారికి అంతుపట్టలేదు.

శనివారం పొద్దున లేచి ఆయన చేసిన మొదటి పని స్కేలు తీయడం. మచ్చ నాలుగు వేళ్ళ వెడల్పు పెరిగింది. పై స్నానాల గదిలో గురువారం నుంచి ఒక్క చుక్క నీరు లేదు. ఇంకెవరైనా అయితే ఇక్కడ పైవాళ్ళను వదిలేసేవారు. ఇన్‌స్పెక్టరు గారు మాత్రం, నీళ్ళు లేకుండా కూడా గోడ తడిపే ఉపాయం ఏదో వాళ్ళ దగ్గర ఉందని అనుకున్నారు.

అప్పుడే భార్య చీర మార్చుకోవడానికి కిందికి దిగింది. మొహం తేటగా ఉంది. మెట్ల మీదే పరీక్ష కాగితం చదువుకుంటూ వచ్చింది, ఒక్కచోట కూడా ఆగలేదు.

ఆయన ఆవిడను పైనుంచి కిందిదాకా చూశారు. ముప్ఫై ఏళ్ళుగా కొట్టువాళ్ళను చూసిన చూపు అది.

“నెల రోజుల దగ్గు ఒక్క రాత్రిలో తగ్గిందా?”

“తగ్గిందండీ. నాకే ఆశ్చర్యంగా ఉంది.”

“రేడియో ఆఫీసులో రాదు. పైవాళ్ళింట్లో రాదు. నా పక్కన పడుకుంటేనే వస్తుంది.” ఆపైన ఆయన అనకూడని మాట అనేశారు. “నిజం చెప్పు. కావాలనే దగ్గుతున్నావా?”

ఆవిడ చేతిలో చీర అలాగే ఉండిపోయింది. మెల్లగా అంది. “నెల రోజులుగా కంటిమీద కునుకు లేదు. పక్కటెముకలు నొప్పి పుట్టేలా దగ్గాను. మీకు అది వేషంలా కనిపించిందా?” చీర భుజాన వేసుకుని గుమ్మం దాటుతూ, “సోమవారం పరీక్ష అయ్యేదాకా నేను కిందికి రాను. ఆ తర్వాత వస్తానో రానో అప్పుడు చెప్తాను,” అంది.

ఆ పూట ఇన్‌స్పెక్టరు గారికి తిండి సహించలేదు. ఆఫీసులో కూడా ఒక కొట్టువాడి కాటాకు ఏమీ అడక్కుండా సీలు వేసేశారు. ఆ కొట్టువాడు హడలిపోయి, సాయంత్రం దాకా ఆఫీసు గుమ్మం దగ్గరే తచ్చాడాడు. భార్య ఇంట్లో లేకపోవడం ఆయనకు బాధగా ఉంది. అది బాధేనని ఒప్పుకోవడానికి మాత్రం మనసు రావడం లేదు. దానికి బదులు, దోషిని పట్టుకుంటే అన్నీ సర్దుకుంటాయని అనుకున్నారు.

ఆఫీసులో ప్రామాణిక తూకపు రాళ్ళు భద్రపరిచే గది ఒకటి ఉంది. ఆ గది గాలిలో తేమ ఎంతుందో చూసే చిన్న మీటరు కూడా అక్కడే ఉంటుంది. సాయంత్రం ఆయన రిజిస్టరులో సంతకం పెట్టి దాన్ని ఇంటికి తెచ్చారు. మనుషులు అబద్ధమాడతారు గానీ మీటరు ఆడదు. ఇందులో ఆయనకు రవ్వంత అనుమానం కూడా లేదు.

ఆదివారం ఉదయం విచారణ. సాక్షిగా ప్లంబరును పిలిచారు. ఇటు వాళ్ళకూ అటు వాళ్ళకూ నచ్చని మనిషి కాబట్టి పక్షపాతం ఉండదని. ప్లంబరు ఈసారి కావాలనే గంట ఆలస్యంగా వచ్చాడు.

ముందు పై వాటా. మాస్టారు, వాళ్ళమ్మ, ప్లంబరు చుట్టూ నిలబడ్డారు. భార్య వెనక గదిలో తలుపు వేసుకుని వార్తలు వల్లె వేస్తోంది. మీటరులో అంకె యాభై నాలుగు శాతం దగ్గర నిలబడింది.

“రాసుకో,” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు ప్లంబరుతో. మెట్ల మీద యాభై ఆరు. వీధిలో యాభై ఎనిమిది. “సరే. ఇప్పుడు బాధితుడి ఇల్లు చూద్దాం.”

అందరూ తడిబట్టల తాళ్ళ కిందనుంచి ఒకరి వెనక ఒకరు వంగుతూ పడకగదిలోకి వచ్చారు. లోపలికి రాగానే మాస్టారి అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. మీటరులో అంకె పరుగందుకుంది. డెబ్బై. ఎనభై. ఎనభై ఏడు. చివరికి తొంభై ఒకటి దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంది.

ఇన్‌స్పెక్టరు గారు మీటరును వేలితో తట్టారు. తొంభై ఒకటి. బయటికి తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చారు. తొంభై ఒకటి.

“మీటరు పాడైంది,” అన్నారు.

ప్లంబరు మీటరు అందుకుని వెనక్కి తిప్పాడు. వెనక అతికించిన చీటీని కూడబలుక్కుంటూ పైకి చదివాడు. “‘సరిచూడబడినది. ఎట్టి లోపమూ లేదు.’ కింద సంతకం ఉంది సార్. పోయిన నెల తేదీ.” చీటీని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు, తర్వాత గోడ మీది పెన్సిలు సంతకాల వైపు చూశాడు. “ఈ సంతకం మీదే కదా సార్?”

ఇన్‌స్పెక్టరు గారు మీటరు లాక్కుని చీటీ చూశారు. మీటరు తప్పంటే తన సంతకం తప్పు. సంతకం తప్పంటే ముప్ఫై ఏళ్ళలో వేసిన సీళ్ళన్నీ తప్పే. మీటరు ఒప్పయితే ఇల్లు తప్పు. ఎటు తిప్పి చూసినా పైవాళ్ళ పేరు ఎక్కడా రావడం లేదు.

“సార్, ఒక మాట చెప్పమంటారా?” అన్నాడు మాస్టారు జంకుతూ. “మా కొలను హాల్లో తేమ డెబ్బై దాటితే తలుపులు, కిటికీలు అన్నీ తీసేసి ఫ్యాన్లు పెడతాం. లేకపోతే గోడలకు నల్ల బూజు పట్టి పిల్లలు దగ్గుతారు. మనం వదిలే ఊపిరి, వంట, స్నానాలు, తడిబట్టలు... ఇదంతా గాల్లోకే పోతుంది. బయటికి దారి లేకపోతే చల్లటి గోడ మీద చేరుతుంది.” కాస్త ఆగి, “ఈత కొలను ఉన్న హాల్లో కూడా ఇంత తేమ నేనెప్పుడూ చూళ్ళేదు సార్,” అన్నాడు.

ప్లంబరు, మాస్టారు కలిసి బీరువాను పక్కకు జరిపారు. దాని వెనక గోడ నేలనుంచి మనిషి ఎత్తు దాకా నల్లగా బూజు పట్టి ఉంది. ఇన్నాళ్ళూ ఆయన పెన్సిలుతో గీతలు గీసింది దాని అంచుకే. ఆ గోడకు ఇటువైపు, మూరెడు దూరంలో, భార్య తలగడ పెట్టుకునే చోటు.

ఇన్‌స్పెక్టరు గారు ఆ తలగడ చోటును చాలాసేపు చూశారు. ఆయనకు సిగ్గేసింది. నెల రోజులుగా ఆవిడ పీల్చింది ఈ గాలి. ఆ గాలిని లోపల పెట్టి సీలు వేసింది తాను. పైగా కావాలనే దగ్గుతున్నావా అని అడిగారు.

ఆయన లోపలినుంచి కత్తెర తెచ్చారు. ఒక్కొక్క కిటికీ దగ్గరికీ వెళ్ళి తీగ కత్తిరించారు. పదకొండు సీసపు బిళ్ళలూ టక్కుటక్కున నేలమీద పడ్డాయి. బిగుసుకుపోయిన రెక్కలను ప్లంబరు భుజంతో తోశాడు. మాస్టారు ఎగ్జాస్ట్ ఫ్యానుకు కొట్టిన చెక్క పీకాడు. వాళ్ళమ్మ కూర్చున్న చోటునుంచి ఏ కిటికీ ముందు తీయాలో చెప్పింది. గాలి ఒక్కసారిగా దూసుకొచ్చి తాళ్ళమీది బట్టల్ని ఎగరేసింది.

తర్వాత ఆయన పైకి వెళ్ళి వెనక గది తలుపు తట్టారు.

“తప్పు నాదే,” అన్నారు, భార్య తలుపు తీయగానే. “నీ దగ్గు నిజం. చెమ్మ మనదే. పైవాళ్ళు ఏ పాపం ఎరగరు. నేనే ఇల్లంతా మూసిపెట్టాను. నిన్న అన్న మాటకు నన్ను క్షమించు.”

ఆవిడ కాగితం పక్కన పెట్టి ఆయన మొహంలోకి తేరిపార చూసింది. “ఏం దాస్తున్నారు?”

“ఏమీ దాయడం లేదు.”

“పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది. తప్పు నాదే అని మీ నోట నేను వినలేదు. కింద ఏం జరిగింది? ఎవరికైనా ఏమైనా అయిందా?”

“ఎవరికీ ఏమీ కాలేదోయ్. నిజంగానే తప్పు నాది.”

“ఈ మాట ఎవరు అనమన్నారు మిమ్మల్ని? మాస్టారా?”

ఆయన ఎంత చెబితే ఆవిడ అనుమానం అంత పెరిగింది. తనకు తాను నచ్చజెప్పుకోవడం తెలుసుగానీ ఇంకొకరి చేత తన మాట నమ్మించడం ఆయనకు అలవాటు లేదు. చివరికి ఆవిడే విసవిసా మెట్లు దిగి వెళ్ళింది. తెరిచిన కిటికీలు చూసింది, నేలమీది సీసపు బిళ్ళలు చూసింది, నల్లటి గోడ చూసి నోరు నొక్కుకుంది. మీటరు తానే చేతిలోకి తీసుకుంది. డెబ్బై నాలుగు.

“ఇది తగ్గుతోందా, పెరుగుతోందా?”

“తగ్గుతోంది. గంట కిందట తొంభై ఒకటి.”

“అయితే ఇవాళ కూడా పైనే పడుకుంటాను. రేపు పరీక్ష. నమ్మకం వేరు, గొంతు వేరు.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “మీరు మాత్రం ఇక్కడే పడుకోండి. కిటికీలు తీసి ఉంచి.”

సోమవారం ఉదయం ఆయన రేడియో కేంద్రం వరండాలో బల్ల మీద కూర్చున్నారు. స్టూడియో తలుపు మందంది, లోపలి మాట ఒక్కటీ వినిపించలేదు. పావుగంట ఆయన ఊపిరి బిగబట్టి దగ్గు కోసమే చెవులు రిక్కించారు. తలుపు తెరుచుకుని ఆవిడ బయటికి వచ్చింది.

“ఒక్కసారి కూడా దగ్గలేదండీ,” అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఫలితం రావడానికి రెండు వారాలు పట్టింది. ఈలోపు ఇన్‌స్పెక్టరు గారు ముక్కుకు గుడ్డ కట్టుకుని గోడ మొత్తం తానే కడిగి, తుడిచి, ఆరబెట్టారు. బీరువాను గోడకు మూరెడు దూరంగా జరిపారు. బట్టలు డాబా ఎక్కాయి. మంగళవారం ముక్క రాగానే పై స్నానాల గది బాగుచేయించి, కొత్త పలకలు వేయించి, మాస్టారి అమ్మకు మూడుసార్లు దండం పెట్టారు. ఆఫీసు మీటరు ఆఫీసుకు వెళ్ళిపోయింది. దాని బదులు సొంతంగా ఒకటి కొని, మూడు రోజులు ఆఫీసుదాని పక్కన పెట్టి సరిచూసుకుని మరీ ఇంటికి తెచ్చి గోడకు తగిలించారు. భార్య దిండుతో సహా కిందికి వచ్చేసింది.

ఉద్యోగం ఖాయమైంది. పొద్దుటి వార్తలు ఇచ్చారు. మొదటి రోజు ఏడింటికి మాస్టారు, వాళ్ళమ్మ, దారినపోతున్న ప్లంబరు కూడా ఇన్‌స్పెక్టరు గారి హాల్లో రేడియో చుట్టూ చేరారు. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. “నమస్కారం. వార్తలు,” అంది ఆవిడ గొంతు, తేటగా, ఎక్కడా గరగర లేకుండా. పది నిమిషాల వార్తల్లో ఒక్క చోట కూడా తడబడలేదు. ఇన్‌స్పెక్టరు గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి ఆయన ప్రయత్నించలేదు. చివర్లో ఆవిడ వాతావరణం చదివింది. గాలిలో తేమ డెబ్బై శాతం అని చెప్పి, సెలవు తీసుకుంది.

ఇన్‌స్పెక్టరు గారు లేచి గోడ దగ్గరికి వెళ్ళారు. మీటరులో అరవై మూడు ఉంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశారు. అరవై మూడే.

“ఎంత బాగా చదివిందో చూశావా నాయనా!” అంది మాస్టారి అమ్మ.

“గొంతులో వంక పెట్టడానికి లేదండీ,” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు నోటుపుస్తకం తీస్తూ. “ఆ అంకె మీదే నాకు అనుమానం.”